దాచినది ఎవరి నుంచి?

ఈ నెల ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: ప్రభుత్వాలు పౌరులకు తెలియనివ్వని సంగతులు, వాటి చాటున తరిగిపోతున్న స్వేచ్ఛ. ఉద్యోగ జీవితమంతా ఒక ప్రభుత్వ శాఖ రికార్డు గదిలో గడిపినవాడిని కనుక ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. కొన్ని జవాబులు అందుకే పొడవయ్యాయి.

*ప్రశ్న: దేశ రక్షణ విషయాలు అందరికీ చెబితే శత్రువుకు చెప్పినట్టే కదా? ప్రభుత్వానికి రహస్యాలు ఉండకూడదనడం అమాయకత్వం కాదా?*
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

ఉండకూడదని నేను అనను. యుద్ధకాలంలో సైనికుల ఓడ ఏ రేవు నుంచి ఎప్పుడు కదులుతుందో, పరీక్షకు ముందు ప్రశ్నపత్రంలో ఏముందో దాచవలసిందే. ఎందుకు దాచాలో అడిగితే ఒక్క వాక్యంలో చెప్పగలం. ఎప్పటివరకు దాచాలో కూడా చెప్పగలం. ఓడ గమ్యం చేరాక, పరీక్ష ముగిశాక ఆ గోప్యతతో పని లేదు.

ఫైళ్ళ మీద ‘రహస్యం’ ముద్ర పడే తీరు మాత్రం ఇలా ఉండదు. ముద్ర వేసినందుకు ఏ అధికారినీ ఎవరూ సంజాయిషీ అడగరు, వేయనందుకు అడుగుతారు. అందువల్ల కాస్త అనుమానం వచ్చిన ప్రతి కాగితం మీదా అది పడుతుంది. రహస్య లేఖకు జతచేసిన పత్రిక కత్తిరింపు కూడా, ఊరంతా చదివినదైనా సరే, రహస్యమైపోతుంది. ఆ ముద్ర తీసేయాలంటే పై అధికారి కూర్చుని చదివి సంతకం పెట్టాలి. అంత తీరిక ఎవరికీ ఉండదు. ఇందులో కుట్ర ఏమీ లేదు. భయం ఉంది, అలవాటు ఉంది. కాని ఆ అలవాటు పేరుకున్న చోట, నిజంగా తప్పు చేసినవాడు దాక్కోవడానికి వేరే చోటు వెతుక్కోనక్కరలేదు.

1948 అక్టోబరులో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, వేక్రాస్ పట్టణం దగ్గర, బి-29 సైనిక విమానం ఒకటి కూలి తొమ్మిది మంది చనిపోయారు. అందులో రహస్య పరికరాలను పరీక్షిస్తున్నారు. మృతులలో ముగ్గురు సైన్యానికి చెందని ఇంజనీర్లు. వారి భార్యలు పరిహారం కోసం దావా వేసి, ప్రమాదంపై జరిగిన విచారణ నివేదికను చూపించమన్నారు. చూపిస్తే దేశ భద్రతకు ముప్పు అని వైమానిక దళం చెప్పింది. కనీసం న్యాయమూర్తికైనా చూపించమంటే దానికీ ఒప్పుకోలేదు. 1953లో సుప్రీంకోర్టు, తాను కూడా ఆ నివేదికను తెరిచి చూడకుండానే, ప్రభుత్వం మాటను అంగీకరించింది. ఆ తీర్పును ఆసరా చేసుకుని ఆ తర్వాతి దశాబ్దాలలో అక్కడి ప్రభుత్వాలు ఎన్నో కేసులను మొదట్లోనే ఆపించగలిగాయి.

1990లలో ఆ నివేదిక మీది ముద్ర తొలగింది. 2000లో, చనిపోయిన ఇంజనీర్లలో ఒకరి కూతురు ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే అది దొరికింది. రహస్య పరికరాల గురించి అందులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఇంజనులో మంటలు లేవకుండా అమర్చమని ముందే ఆదేశాలు వచ్చిన ఉష్ణ కవచాలను ఆ విమానానికి అమర్చనే లేదని మాత్రం ఉంది. ఈ కథ చదివినప్పుడల్లా నాకు కోపం ఆగదు. ఆ కాగితాన్ని శత్రువు చూడకుండా దాచలేదండీ, ముగ్గురు వితంతువులు చూడకుండా దాచారు.

*ప్రశ్న: నేను తప్పు చేయలేదు, దాచుకోవలసిందేమీ నాకు లేదు. ప్రభుత్వం నా ఫోను వింటే నాకు పోయేదేమిటి?*
— యువ ఇంజనీరు

మీ నిజాయితీని శంకించను బాబూ. కాని మార్టిన్ లూథర్ కింగ్ చేసిన తప్పేమిటో చెప్పండి. నల్లజాతివారికి సమాన హక్కులు కావాలని శాంతియుతంగా అడిగాడు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఆయన బస చేసిన హోటల్ గదులలో మైకులు దాచింది. 1964 నవంబరులో, ఆయన నోబెల్ శాంతి బహుమతి అందుకోవడానికి కొద్ది వారాల ముందు, ఆ టేపులతో పాటు ఒక ఆకాశరామన్న ఉత్తరం పంపింది. నీకు మిగిలిన దారి ఒక్కటే, అది నీకు తెలుసు అన్న ధోరణిలో అది సాగుతుంది. ఆత్మహత్య చేసుకోమని చెప్పడమేనని కింగ్‌కు అర్థమైంది. హక్కుల కార్యకర్తలను, యుద్ధ వ్యతిరేకులను, ఇంకా ఎందరినో లోపలి నుంచి దెబ్బతీయడానికి ఆ సంస్థ 1956 నుంచి 1971 దాకా నడిపిన రహస్య కార్యక్రమాలు కొన్ని ఉన్నాయి. 1971 మార్చిలో కొందరు పౌరులు పెన్సిల్వేనియాలోని మీడియా అనే చిన్న పట్టణంలో ఎఫ్‌బీఐ కార్యాలయంలోకి చొరబడి, ఫైళ్ళు తీసుకెళ్ళి పత్రికలకు పంపారు. అప్పటిదాకా ఆ కార్యక్రమాల ఊసు ఎవరికీ తెలియదు. ఆ తర్వాత 1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షతన సెనేట్ సంఘం విచారణ మొదలుపెట్టింది.

రెండో సంగతి మీరు ఇంకా శ్రద్ధగా వినాలి. తనపై నిఘా ఉందని తెలియని మనిషి ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు? 2013 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు సరిగ్గా ఈ చిక్కుముడిలోనే కొందరు న్యాయవాదుల, పాత్రికేయుల, హక్కుల సంఘాల దావాను కొట్టివేసింది. మీ సంభాషణలు విన్నారని మీరు రుజువు చేయలేకపోయారు కనుక కేసు నడిపే అర్హత మీకు లేదన్నది. అయిదుగురు న్యాయమూర్తులు అటు, నలుగురు ఇటు. ఎవరిని వింటున్నారన్నది ప్రభుత్వ రహస్యం, ఆ రహస్యం తెలిస్తేనే కోర్టు గడప ఎక్కనిస్తారు! అదే ఏడాది జూన్‌లో, అమెరికా నిఘా సంస్థ కోసం పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ అందించిన పత్రాలు వెలుగులోకి వచ్చాయి. వెరైజాన్ అనే టెలిఫోను సంస్థ తన ఖాతాదారుల కాల్ రికార్డులను ప్రతిరోజూ ప్రభుత్వానికి అప్పగించాలన్న రహస్య ఉత్తర్వు వాటిలో ఉంది. ఆ ఉత్తర్వు బయటపడ్డాకే, తామూ వెరైజాన్ ఖాతాదారులమేనని ఒక పౌరహక్కుల సంస్థ కోర్టుకు చూపించగలిగింది. ఈ టోకు సేకరణకు చట్టంలో అనుమతి లేదని 2015లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. చట్టం, కోర్టు, న్యాయవాదులు అన్నీ ముందు నుంచీ ఉన్నాయి. లేనిది ఒక్క కాగితం.

మీ ఫోను సంగతి అలా ఉంచండి. మీ తరఫున రేపు ప్రశ్నించవలసిన పాత్రికేయుడి ఫోను వింటుంటే మీకు ఫరవాలేదా? ఆయనకు సమాచారం ఇచ్చే మనిషి నోరు మూసుకుంటాడు. పోయేది అక్కడ పోతుంది, మీకు తెలియకుండానే.

*ప్రశ్న: స్వేచ్ఛ ఒక్క రోజులో పోదు, చాప కింద నీరులా పోతుందంటారు. పోతున్నప్పుడే గుర్తుపట్టడం ఎలా?*
— కళాశాల అధ్యాపకురాలు

అమ్మా, నేనైతే ముందు గడువు తేదీ చూస్తాను. ఎంత కఠినమైన ఉత్తర్వు వచ్చినా, ఇది ఏ రోజున ముగుస్తుంది, ముగిసేముందు ఎవరు సమీక్షిస్తారు అని వెతుకుతాను. ఆ రెండూ కనబడకపోతే నా గుండె జారుతుంది.

1933 ఫిబ్రవరి 27 రాత్రి బెర్లిన్‌లో పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే అధ్యక్షుడి సంతకంతో అత్యవసర ఉత్తర్వు వెలువడింది. వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వేచ్ఛ, సభలు జరుపుకునే హక్కు, ఉత్తరాల గోప్యత, టెలిఫోను గోప్యత అన్నీ ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ నిలిచిపోయాయి. నాజీ పాలన కూలిన 1945 దాకా ఆ తదుపరి ఉత్తర్వు రాలేదు. అప్పటి రాజ్యాంగాన్ని లాంఛనంగా రద్దు చేయవలసిన అవసరం కూడా వారికి కలగలేదు.

అది నియంతల సంగతి అని తీసిపారేయకండి. 1974 నవంబరు 21న బ్రిటన్‌లోని బర్మింగ్‌హాంలో రెండు మద్యశాలలలో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఎనిమిది రోజులలో చట్టం వచ్చింది. నేరారోపణ లేకుండానే మనిషిని ఏడు రోజుల దాకా నిర్బంధించవచ్చు. చట్టం పేరులోనే ‘తాత్కాలిక’ అనే మాట ఉంది, గడువు ఆరు నెలలు. ఆ ఆరు నెలల చట్టాన్ని పొడిగిస్తూ, తిరగరాస్తూ పాతికేళ్ళు నడిపారు. 2000లో శాశ్వత చట్టం తెచ్చి దాని స్థానంలో ఉంచారు. ఆ బాంబుల కేసులో జైలుకు వెళ్ళిన ఆరుగురి శిక్షలను 1991లో, పదహారేళ్ళ నిర్బంధం తర్వాత, కోర్టు కొట్టివేసిందని కూడా గుర్తుంచుకోవాలి. ఈజిప్టులో 1981లో అధ్యక్షుడు సాదాత్ హత్య తర్వాత విధించిన అత్యవసర పరిస్థితి 2012 దాకా సాగింది. అక్కడ ముప్పై ఏళ్ళ వయసు వచ్చినా మామూలు పరిస్థితి అంటే ఏమిటో ఎరగని తరం ఒకటి పెరిగింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పోగొట్టుకున్నామని తెలిసినవాడు అడుగుతాడు, పుట్టుకతోనే లేనివాడు దేన్ని అడుగుతాడు?

అలాగని వెనక్కి తెచ్చుకోలేమని కాదు. 1939లో యుద్ధం కోసం బ్రిటన్ ప్రజలందరికీ గుర్తింపు కార్డులు ఇచ్చింది. యుద్ధం 1945లో ముగిసింది, కార్డులు ముగియలేదు. పోలీసులు దారిలో ఆపి మామూలుగా అడగడం మొదలుపెట్టారు. 1950 డిసెంబరులో క్లారెన్స్ విల్‌కాక్ అనే మనిషి కారు నడుపుతుంటే ఆపి కార్డు చూపమన్నారు. చూపనన్నాడు. చట్టం ప్రకారం అతనిది తప్పే అయినా శిక్ష వేయకుండా వదిలేశారు. యుద్ధం కోసం చేసిన చట్టాన్ని శాంతి కాలంలో ఇలా వాడితే చట్టాన్ని గౌరవించే వారిని చట్టం ఉల్లంఘించేవారిగా మార్చడమేనని ప్రధాన న్యాయమూర్తి గొడార్డ్ 1951లో మందలించాడు. 1952 ఫిబ్రవరిలో కార్డులు రద్దయ్యాయి. ఒక్క మనిషి ‘యుద్ధం అయిపోయింది కదా’ అని గుర్తుచేయవలసి వచ్చింది.

*ప్రశ్న: మా కార్యాలయంలో జరిగిన ఒక తప్పు బయటికి పొక్కకుండా కొన్ని పాత కాగితాలు తీసేయమని నోటిమాటగా చెప్పారు. ఏం చేయాలో తోచడం లేదు. పేరు, ఊరు వేయకండి.*

వేయను, నిశ్చింతగా ఉండండి. మీ ఉత్తరం చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందుగా, ఆ ఆదేశాన్ని కాగితం మీద ఇమ్మని మర్యాదగా అడగండి. “ఫైలులో రాసి పెడితే వెంటనే చేస్తాను సార్” అంటే చాలు. నా అనుభవంలో ఇలాంటి ఆదేశాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. సంతకం పెట్టడానికి సాహసించనిది చేయించడానికి మాత్రం సాహసిస్తారు కొందరు. ఫైలులో పుటల సంఖ్యలు లేకపోతే ఈ రోజే వేయండి. పాత కాగితాలు తొలగించడానికి ప్రతి శాఖలోనూ కాలపరిమితి, జాబితా, అనుమతి అనే పద్ధతి ఉంటుంది. ఆ జాబితాలో లేనిదాన్ని ముట్టుకోకండి. ఎవరు ఎప్పుడు ఏమి చెప్పారో తేదీ వేసి మీ సొంత పుస్తకంలో రాసుకోండి.

ఒక కాగితం ఎంత దూరం వెళుతుందో మీకు తెలియాలి. బ్రిటిష్ సామ్రాజ్యం తన వలస రాజ్యాలను వదిలి వెళ్ళేటప్పుడు ప్రభుత్వానికి తలవంపులు తెచ్చే కాగితాలను కొత్త ప్రభుత్వాలకు అప్పగించకూడదని 1961లో వలసల మంత్రి ఆదేశించాడు. కాల్చిన కాగితాల బూడిదను పొడి చేయాలని, సముద్రంలో పడవేస్తే ప్రవాహం లేని లోతైన చోట పడవేయాలని కూడా సూచనలు వెళ్ళాయి. కాల్చకుండా ఇంగ్లండుకు తరలించినవాటిని హాన్‌స్లోప్ పార్క్ అనే చోట దశాబ్దాల పాటు ఉంచి, అలాంటివి ఉన్నాయని కూడా ఒప్పుకోలేదు. కెన్యాలో మౌమౌ తిరుగుబాటు కాలంలో నిర్బంధ శిబిరాలలో చిత్రహింసలు పడిన వృద్ధులు లండన్ కోర్టుకు వెళ్ళారు. ఆ కేసులోనే, 2011లో, ఆ ఫైళ్ళ ఉనికి బయటపడింది. 37 వలసలకు చెందినవి, దాదాపు 8,800. శిబిరాలలో ఏం జరుగుతోందో పై అధికారులకు తెలుసని వాటిలోనే రాసి ఉంది. 2013లో ప్రభుత్వం విచారం ప్రకటించి, 5,228 మందికి పరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. కాల్చిన కాగితాలలో పేరున్నవారికి ఏ కోర్టు ఏమి ఇవ్వగలదు?

బయటికి ఇవ్వాలా అన్నది వేరే ప్రశ్న. దానికి తొందరపడవద్దు. 1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ జలాంతర్గామి జనరల్ బెల్‌గ్రానో అనే అర్జెంటీనా యుద్ధనౌకను ముంచింది. 323 మంది చనిపోయారు. దాని గురించి పార్లమెంటును తప్పుదోవ పట్టిస్తున్నారని క్లైవ్ పాంటింగ్ అనే రక్షణ శాఖ అధికారి రెండు పత్రాలను ఒక పార్లమెంటు సభ్యుడికి పంపాడు. అధికార రహస్యాల చట్టం కింద కేసు పెట్టారు. దేశ ప్రయోజనమంటే ఆనాటి ప్రభుత్వం ఏది చెబితే అదేనన్నట్టు న్యాయమూర్తి నిర్దేశించినా, 1985లో జ్యూరీ ఆయనను నిర్దోషిగా వదిలింది. అయితే 1989లో తెచ్చిన కొత్త చట్టంలో ‘ప్రజాహితం కోసం చేశాను’ అని వాదించుకునే అవకాశమే ఉంచలేదు. ధైర్యవంతుడిని జ్యూరీ కాపాడితే, ఆ తర్వాత రాబోయేవారికి ఆ తలుపు మూసేశారు. అందుకే ముందు నమ్మకమైన న్యాయవాదిని కలవండి. మీ ఇంట్లో వాళ్ళకు చెప్పండి. ఒంటరిగా మోయకండి.

*ప్రశ్న: అన్నీ చెప్పేస్తే జనం భయంతో అల్లకల్లోలమవుతారు కదా? కొన్ని తెలియకపోవడమే మేలు అనిపిస్తుంది.*
— గృహిణి

తల్లిగా మీరు అలా అనుకోవడం సహజమే. అయితే చెర్నోబిల్ తల్లులను తలచుకోండి. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున అణు రియాక్టరు పేలింది. పక్కనే ఉన్న ప్రిప్యాట్ పట్టణంలో ఆ రోజంతా పిల్లలు ఆరుబయట ఆడుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం గానీ జనాన్ని తరలించలేదు. ప్రపంచానికి ఆ సంగతి మొదట సోవియట్ ప్రభుత్వం చెప్పలేదు. 28న స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు కేంద్రంలో ఉద్యోగుల బూట్లకు రేడియోధార్మికత అంటుకుందని అక్కడి పరికరాలు పసిగట్టాయి. ఆ సాయంత్రం మాస్కో చిన్న ప్రకటన చేసింది. మే 1న కీవ్ వీధులలో పిల్లలతో ఊరేగింపు ఎప్పటిలాగే జరిగింది. కలుషితమైన పాలు తాగిన పిల్లలలో తర్వాతి ఏళ్ళలో థైరాయిడ్ క్యాన్సర్లు పెరిగాయి. ఆ రోజులలో “పాలు పట్టకండి” అన్న ఒక్క మాట సకాలంలో చెప్పి ఉంటే ఎంతమంది పిల్లలకు ఆ జబ్బు తప్పేదో! భయపడే హక్కు కూడా తల్లులకు ఇవ్వలేదు వాళ్ళు.

*ప్రశ్న: సమాచార హక్కు చట్టం ఉంది కదా, ఇంక బెంగ ఎందుకు? నాలాంటి విద్యార్థి చేయగలిగింది ఏమైనా ఉందా?*
— న్యాయశాస్త్ర విద్యార్థిని

చట్టం ఉంది. అది ఎలా వచ్చిందో మరవకు తల్లీ. రాజస్థాన్ గ్రామాలలో 1990లలో కూలీలు తమ పనుల మస్టర్ రోళ్ళు, అంటే హాజరు, కూలి పట్టీలు, చూపించమని అడిగారు. బహిరంగ సభలలో వాటిని గట్టిగా చదివితే, చనిపోయినవారు కూలి తీసుకున్నట్టు, కట్టని కట్టడాలు కట్టినట్టు బయటపడింది. 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నా చేశారు. 2005లో దేశానికంతటికీ చట్టం వచ్చింది.

వచ్చినది నిలుస్తుందన్న హామీ లేదు. అధికారిక పత్రాలు చూసే హక్కును ప్రపంచంలో మొదట చట్టం చేసినది స్వీడన్, 1766లో. 1772లో రాజు అధికారాన్ని హస్తగతం చేసుకున్నాక కొద్ది ఏళ్ళకే దానికి కోతలు పడ్డాయి. మన చట్టంలో 2019లో సవరణ తెచ్చి సమాచార కమిషనర్ల పదవీకాలాన్ని, జీతాలను నిర్ణయించే అధికారాన్ని కేంద్రం తీసుకుంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని చిట్టచివరి సెక్షన్‌లోని ఒక ఉపసెక్షన్ సమాచార హక్కు చట్టాన్ని సవరించింది. వ్యక్తిగత సమాచారమైనా ప్రజా కార్యకలాపాలతో సంబంధం ఉంటే ఇవ్వాలన్న పాత పరిమితులన్నీ ఆ ఒక్క వాక్యంతో పోయాయి. ప్రజాహితం ఎక్కువని అధికారి భావిస్తే ఇవ్వవచ్చునన్న 8(2) నిబంధన మిగిలింది. మస్టర్ రోల్‌లో ఉండేవి పేర్లే కదా! ఇప్పుడు ఆ పేర్లు అడిగితే ఏమంటారో చూడాలి.

నువ్వు న్యాయశాస్త్రం చదువుతున్నావు కనుక ఒక పని చెబుతాను. ఈ సెలవులలో ఒక దరఖాస్తు రాయి. ‘ఎందుకు’ అని అడగకు, అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. కాగితం అడుగు. ఫలానా నిర్ణయానికి సంబంధించిన ఫైలు, నోట్‌ఫైలుతో (అధికారులు రాసిన అభిప్రాయాలతో) సహా, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని రాయి. ముప్పై రోజులలో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వెయ్యి. నిరాకరిస్తే, ఏ సెక్షన్ కింద నిరాకరించారో రాతపూర్వకంగా అడుగు. కొంత భాగమే రహస్యమైతే మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతుంది, దాన్ని ఉదహరించు. జవాబు వచ్చాక, అది ఏదైనా సరే, దాని నకలు ఒకటి నాకు పంపు. ఈ శీర్షికలోనే వేద్దాం.